తాత కలిపిన నీడరంగు

…అంతవరకే రాసి నిన్న ఆపేసేను, అమ్మ గదిలోకి వచ్చిందని. మిగతాది ఇవాళ రాసేస్తాను. మా పై అంతస్తు తాత చనిపోయేడు. మొన్న పొద్దున్న. ఆక్సిజన్ సిలిండర్ కోసం మా నాన్న నది అవతల తన్లిన్ వెళ్ళేడు. తిరిగొస్తుంటే వంతెన మీద మిలిటరీ చెకింగ్‌లో ఆపేసేరు. సిలిండర్ మా మెట్లెక్కేసరికి తాతకి దాంతో పని లేకుండా పోయింది.

మీరెవరో నాకు తెలీదు. ఇది చదవగలుగుతున్నారంటే మావాళ్ళే అయుంటారు. స్కూల్లో నాకు ఇంగ్లీషు, బయట బర్మీస్. తెలుగు అక్షరాలు మాత్రం తాతే నేర్పేడు, బ్రష్ చేతికిచ్చి. ఇళ్ళు వెతకడానికి వచ్చేవాళ్ళకి ఈ అక్షరాలు రావు. అందుకే ఇందులో రాస్తున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

ఆయన మా సొంత తాత కాదు. సేక్కాన్ రేవులో ఓడల మీద పేర్లు రాసేవాడు. రిటైరయ్యేక తామ్వే పేటలో మా బిల్డింగ్‌లోనే, మా పైన, ఒక్కడే ఉండేవాడు. ఎప్పుడో ఒక ఓడ ఆఫీసరు ఆయనకో పెట్టె ఇచ్చి వెళ్ళేడట. దాన్నిండా బొటనవేలంత సోల్జర్లు, రంగుల్లేకుండా. టేబుల్ మీద యుద్ధం ఆట ఆడుకునేవి. పాచికలేసి, టేపుతో కొలిచి జరపాలి. స్కూళ్ళు మూసేసి, ఫోన్లలో నెట్ తీసేసిన రోజుల్లో నేను అక్కడికే పోయేదాన్ని.

"ఒలే గుంటా, మళ్ళీ వచ్చీసేవేటి? మీయమ్మ ఎతకదా?"

"అమ్మకి చెప్పలేదు తాతా."

"మరైతే బేగి కూకో. రంగు ఆరిపోతంది."

ఒక్కో బొమ్మకి వారం పడుతుందనుకున్నాను. ఆయనకి అరగంట. ముందు మొత్తం తెలుపు. పైన చొక్కాకి ఒక రంగు, మొహానికి ఒక రంగు, అంతే. అప్పుడు దగ్గుమందు సీసా తీసేవాడు. అందులో ముదురు గోధుమరంగు, చాలా నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క. దాన్ని బొమ్మంతా పూసేసేవాడు. మొదటిసారి చూసి, పాడైపోయిందనుకున్నాను. రెండు నిమిషాలకి ఆ నీళ్ళు ఎత్తుల మీంచి జారి చొక్కా ముడతల్లోకి, టోపీ కిందకి, వేళ్ళ మధ్యకి వెళ్ళి ఆగేయి. పుల్లకి చుట్టిన తడి దూదితో ముక్కూ బుగ్గలూ తుడిచేడు. బొమ్మకి ప్రాణం వచ్చినట్టయింది.

"నీడ నువ్వెయ్యక్కర్లేదే. ఎక్కడికెళ్ళాలో నీళ్ళకి తెలుసు. నువ్వు అడ్డెళ్ళకు, సాలు."

తొందరగా ఆరాలని నేను ఊదితే చేతి మీద ఒక్కటి వేసేవాడు.

ఆటలో మాత్రం దొంగ. టేపు లూజుగా పట్టుకుని తన సోల్జర్లని రెండంగుళాలు ఎక్కువ జరిపేవాడు. అడిగితే, "సేతులు వణుకుతాయి కదే!" బ్రష్ పట్టినప్పుడు ఆ చేతులు ఒక్కసారీ వణకలేదు. చచ్చిపోయిన బొమ్మని పడుకోబెట్టనిచ్చేవాడు కాదు. టేబుల్ అంచున నిలబెట్టాలి. "పడుకోబెడితే రంగు రాసుకుపోద్ది. నిలబెట్టు. ఆట సూస్తాడు."

తర్వాత మిలిటరీ పాలన వద్దని రోజూ రాత్రి అందరూ బాల్కనీల్లో గిన్నెలు కొట్టడం మొదలైంది. మర్నాడు చూస్తే తాత బ్లేడుతో సోల్జర్ల తుపాకులన్నీ కోసేస్తున్నాడు. వాటి చోట టిచ్ గుండీలు అంటించేడు, పళ్ళేల్లాగ. యూనిఫాంల మీద లుంగీలు దిద్దేడు. చూస్తుండగా మా వీధి తయారైంది. నడుం వంచి నవ్వే టీకొట్టు డా, బట్టతలతో నాన్న, ఎర్ర చొక్కాలో రెండో అంతస్తు కో. ఇక్కడ పెద్దావిడని డా అంటాం, అన్నని కో అంటాం. నేనూ ఉన్నాను, ఆకుపచ్చ స్కూలు లుంగీలో, నోరు తెరుచుకుని.

"నా మొహం అంత పెద్దగా ఉంటుందా?"

"అరిసినప్పుడు ఉంటాది."

రెండో అంతస్తు కోని పదిరోజుల కింద పట్టుకుపోయేరు. ఎక్కడున్నాడో వాళ్ళమ్మకి కూడా తెలీదు.

తాత పోయిన రోజే నేను ఆ బొమ్మలు, రంగులు కిందకి తెచ్చేసేను. అమ్మకి తెలీదు. మా వీధి కూడా వెతుకుతారని ఇవాళ పొద్దున్న తెలిసింది. ఎవరెవరు గిన్నెలు కొట్టేరో ఈ బొమ్మలు చూస్తే చాలు, లెక్క దొరికిపోతుంది. అమ్మ బజారుకెళ్ళగానే భయంతో దగ్గుమందు సీసా తీసేను. అంతా నల్లగా అయిపోతే గుర్తుపట్టరు కదా అని అన్నిటికీ పూసేసేను.

ఎంత తెలివితక్కువదాన్నో. ఆ నీళ్ళు ఎక్కడికెళ్ళాలో అక్కడికే వెళ్ళేయి. డా నవ్వు చుట్టూ గీతలు లేచేయి. కో కనుబొమ్మలు విడివిడిగా తేలేయి. దాచడానికి పూసిన రంగు అందరి మొహాల్నీ ఇంకా బాగా చూపించింది. ఇప్పుడు కొత్తవాళ్ళైనా గుర్తుపడతారు.

తాత డబ్బాల్లో ఓడలకేసే చిక్కటి నల్లరంగు ఉంది. అది పూస్తే ఏమీ కనబడదు. మూత తీసేను. ముందు కో బొమ్మ పట్టుకున్నాను. పట్టుకుపోయేక ఆ మొహం నేను చూసింది ఇక్కడే. బ్రష్ ముంచి కూడా పూయలేకపోయేను. మూత మళ్ళీ పెట్టేసేను.

ఒక్కొక్కరినీ బియ్యం డబ్బాలో దించేను. పడుకోబెట్టలేదు, నిలబెట్టేను. చివర్న నా బొమ్మే మిగిలింది, అదింకా తడిగా ఉంది. తాతా, ఊదట్లేదు. ఆరేలోపల ఇది రాస్తున్నాను.

తలుపు కొడుతున్నారు.

అమ్మైతే పేరు పెట్టి పిలుస్తుంది. వీళ్ళు పిలవట్లేదు. కాగితాలు కూడా బియ్యంలోకే. నా బొమ్మ తడి మొహంతోనే, నోరు తెరుచుకుని, కో పక్కన నిలబడుతుంది. దాని మీద గింజలు అంటుకుంటాయి. అంటుకోనీ.