అవ్వ పాట మింగిన డబ్బా

నేను చెప్పే ముచ్చట్లలో సగం కోతలేనని మా ఇంటామె అంటుంది. మిగతా సగం కూడా కోతలేనని మా అవ్వ అనేది. బయ్యారంలో పాటలు రికార్డు చేసి వచ్చిన రోజు అక్కడి ఇనుపరాతి మట్టి నా చెప్పులకు పట్టుకుంది. జనగామ బస్టాండులో దిగి ఇంటికి చేరేలోపు దారిలో ఉన్న మేకులన్నీ లేచి వచ్చి నా చెప్పులకు అంటుకున్నాయి. ఎవరూ నమ్మలేదు. సరే, అది వదిలేయండి. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజం.

తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులవి. జనగామలో మా ఇల్లు పెద్ద రోడ్డు మీదే. ఇంటి ముందే వంటా వార్పు పెట్టుకున్నాం. అంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతి కూర్చుని తినడం. బండ్లన్నీ ఆగాలి, మా మాట వినాలి. ఆ బంతిలో మా అవ్వ పాడాలని అందరి కోరిక. అవ్వకు అందరికంటే ఎక్కువ కోరిక. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అయితే దీక్షా శిబిరంలో నినాదాలిచ్చీ ఇచ్చీ ఆమె గొంతు పూర్తిగా పోయింది. పిల్లిని అదిలించడానికి కూడా చప్పట్లు కొట్టేది.

పాట మాత్రం నా దగ్గరుంది. మరిపెడలో అవ్వ పుట్టింటి పొలంలో నాటేస్తూ పాడుతుంటే గట్టు మీద కూర్చుని రికార్డులో పట్టుకున్నాను. నెల్లికుదురు నుంచి భూపాలపల్లి దాకా తిరిగి పోగేసిన పాటలన్నీ మా వెనక గదిలో, మూత ఊడిన ఓ పాత కంప్యూటర్లో ఉండేవి.

"దీన్ని కంప్యూటర్ అనద్దు బావా, సర్వర్ అనాలె" అన్నాడు మా బామ్మర్ది. భూపాలపల్లిలో బొగ్గు బావి పని అతనిది. సమ్మె చేసి, చంకలో ఓ నల్ల డబ్బాతో మా ఇంట్లో దిగాడు. దాని పేరు స్ట్రీమర్ అట. వెనక గదిలోని పాటను వైరు మీదుగా లాక్కొచ్చి ముందు గదిలోని ఆంప్లిఫయరుకు అందిస్తుందట.

మైకుకు అనుమతి లేదని పోలీసులు ముందే చెప్పారు. ఇంట్లో కూర్చుని పాట వినొద్దని చెప్పలేదు. మా ముందు గది కిటికీ రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. సర్వర్ను మాత్రం ముందుకు తేవద్దనుకున్నాం. ఎవరైనా ఎత్తుకుపోతే ఒక్క అవ్వ పాటే కాదు, అన్ని ఊళ్ల పాటలూ పోతాయి. దాన్ని బియ్యం బస్తాల వెనక దాచి, వైరును పెరట్లో అవ్వ చీరలారేసే తీగ వెంట తెచ్చాం.

డబ్బా వెలిగింది. సర్వర్ దొరకడం లేదంది. మళ్లీ కలిపాం. మళ్లీ అదే మాట. బామ్మర్ది వంగి వెనక చూశాడు.

"బావా, సర్వర్ వైరు, దీని వైరు రెండూ ఒక్క రూటర్లనే వెట్టాలంటే, గిది తీస్కపోయి టీవీ డబ్బాకు గుచ్చినవేంది? దూడను పక్కింటి బర్రెకిడిస్తే పాలిస్తదా?"

"మా ఊరి బర్రెలిస్తయి" అన్నాను.

సరిచేశాక పాటలు కనిపించాయి. కానీ డబ్బాకు తెలుగు అక్షరాలు రావట, తెలుగు పేర్లున్న చోటల్లా ఖాళీ గడులే. అన్నీ ఒకే తీరు గడులు.

"ఇంగ్లీషు అక్షరాలల్ల రాద్దాం తియ్" అన్నాడు బామ్మర్ది.

అంతవరకు మంచం మీద నుంచి చూస్తున్న అవ్వ లేచి వచ్చింది. గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. ఆ గాలితోనే అంది. "ఎందుకు రాయాలె? సినిమాలల్ల మన మాట దొంగలకు పెట్టిన్రు. దీంట్ల గడులు పెట్టిన్రు. దాన్నే నేర్సుకొమ్మను."

అవ్వ పాట ముందు ఒకటో అంకె వేసి ఊరుకున్నాం.

మర్నాడు రోడ్డు మీద ఎసరు మరిగేసరికి డబ్బా పాట ఎత్తుకుంది. "వంగి నాటినోళ్లమయ్యా, వంగి ఉండేటోళ్లం గాము" అని కిటికీలోంచి అవ్వ గొంతు వచ్చేసరికి బియ్యం కడిగే ఆడవాళ్లు చేతులాపి చూశారు. అవ్వేమో గడపలో కాళ్లు చాపుకుని కూర్చుంది, నోరు మెదపకుండా.

ఎస్సై వచ్చాడు. "మైకు వద్దన్నానా?"

"మైకెక్కడున్నది సార్? ఇంట్ల పాట ఇనుకుంటున్న" అన్నాను.

"ఇంత గట్టిగానా?"

"బొగ్గు బావిల బాంబులు పేల్సి పేల్సి నా చెవులు పొయినయి సార్."

పక్కనే ఉన్న బామ్మర్ది దగ్గాడు. నేను జన్మలో బావి దిగలేదు.

ఎస్సై గడప వైపు వచ్చాడు. అవ్వ కాళ్లు తీయలేదు. ఆమె వెనకే మరో నలుగురు గరిటెలతో వచ్చి కూర్చున్నారు. వాళ్లను దాటలేక అతను పెరట్లోకి నడిచి, చీరల తీగ మీది వైరును చూసి, ఒక్క గుంజుడు గుంజాడు. వైరు రెండు ముక్కలైంది.

పాట ఆగలేదు.

ఎస్సై చేతిలోని ముక్కను చూశాడు. కిటికీని చూశాడు. ఒక కానిస్టేబుల్ మెల్లగా, "సార్, వైరు లేకుంటనే పాడ్తాంది" అన్నాడు.

"పాట వైర్లకెళ్లి వస్తలేదు సార్. మా అవ్వ కడుపులకెళ్లి వస్తాంది" అన్నాను. రోడ్డంతా ఈలలు.

డబ్బా మొదట్లోనే పాట మొత్తాన్ని మింగి పెట్టుకుంటుందని, ఆ తర్వాత వైరుతో పని లేదని బామ్మర్ది తర్వాత చెప్పాడు. అప్పటికి నాకూ తెలియదు. తెలిసినట్టే నిలబడ్డాను.

చివరి చరణం దాకా పాడి డబ్బా ఆగింది. "ఇప్పుడు ఇంకోటి పెట్టు చూద్దాం" అన్నాడు ఎస్సై, వైరు చుట్ట చుట్టుకుంటూ. నేను ఏదో కోత వెతుక్కునేలోపు అవ్వ నా చెయ్యి గుంజింది.

"కొడుకా, అన్నం తిని పొమ్మను. బంతిల కూసుంటే సాలు."

అవ్వ మాటను నేనే గట్టిగా చెప్పాను. ఎస్సై బంతిని చూశాడు, అవ్వను చూశాడు, జీపెక్కాడు. ఆయన కూడా కూర్చుని రెండుసార్లు పప్పు వేయించుకున్నాడని నేను చెబుతుంటాను. అది కోత. సాయంత్రానికి అదే తీగ మీద కొత్త వైరు కట్టామన్నది నిజం.

రాష్ట్రం వచ్చింది. డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. మా పాటల పేర్లను ఇప్పటికీ గడులుగానే చూపిస్తుంది. మేమూ ఇప్పటిదాకా ఇంగ్లీషులో రాయలేదు.