అయిదో తారీకు ఉప్పు

విజయనగరంలో నేను పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. ఈ నెల వచ్చిన ఉప్పు చెమ్మగా ఉంది. దాంతో కలిపిన రెండు జాడీల ఆవకాయ బూజు పట్టింది. ముక్కలు కొట్టించాల్సిన మామిడికాయ ఇంకా మిగిలే ఉంది. ఉప్పు పండించే రామ్మూర్తిగారికి ఫోన్ చేస్తే, మేం కాగితంమీద రాసుకున్న ఒప్పందం ప్రకారం అయిదో తారీకుకే పంపానని చెప్పి పెట్టేశారు. తేల్చుకునే తిరిగి రావాలనుకుని మర్నాడు ఉదయం ఆరున్నరకి ప్యాసింజరెక్కాను.

పొందూరు దాటాక ఇంటినుంచి తెచ్చుకున్న ఇడ్లీలు తిన్నాను. పక్కనున్న చేపలమ్మే ఆవిడ ఎక్కడికని అడిగితే సంగతంతా చెప్పాను.

"కాగితం రాసీసుకున్నాక మళ్లీ నువ్వెందుకు ఎల్తన్నావమ్మా?" అంది.

తొమ్మిదింటికి నౌపడలో దిగి ఆటోలో ఉప్పుమడులకు వెళ్లాను. వెళ్లేవాళ్లు గొడుగు మరిచిపోకండి, మడుల మధ్య నీడ ఉండదు. రామ్మూర్తిగారు గట్టుమీద తడిసిన ఉప్పుకుప్పని ఎండకి పలచగా పరుస్తున్నారు. చెమ్మ ఉప్పు ఎందుకు పంపారని నిలదీశాను. ఆయన పని ఆపలేదు.

"ఇదివరకు వానొస్తే నీకు ఫోన్ సేసీవోణ్ణి, నువ్వు ఆగీదానివి. కాగితమయ్యాక ఓసారి రెండ్రోజులు లేటైతే డబ్బులు కోసీసినావు. అప్పట్నుంచి తారీకే సూస్తన్నాను. ఉప్పుని సూడ్డం మానీసినాను."

నిజమే. ఆ కోత నేనే కోశాను. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు.

కాగితం చింపేద్దామా అని ఆయనే అడిగారు. నేను ఒప్పుకోలేదు. నా సరుకు కొనే షాపులవాళ్లు ఉప్పు ఎక్కడిదో రాతలో చూపించమంటారు. గట్టు చివరున్న ఆయన పాకలో కూర్చుని, నేను తెచ్చిన కాగితంలో రెండు మాటలు చేర్చాం. ఉప్పు పొడిగా ఉండాలి. వాన పడితే ఆ రోజే ఫోన్ చెయ్యాలి, ఆలస్యానికి కోత ఉండదు.

"నువ్వూ ఓ నెలకి సరిపడా ఉప్పు ముందే ఉంచుకోవాల. అదీ రాయి," అన్నారు. రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. పాకలో దాచిన పాత ఉప్పు ఇరవై కిలోలు మూటకట్టి, ఆటోదాకా ఆయనే మోసుకొచ్చారు.

మధ్యాహ్నం బండిలో మూట కాళ్లదగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఆరేళ్లుగా ఆయన దగ్గర ఉప్పు కొంటున్నాను. ఒప్పందమంతా ఇంట్లో కూర్చునే రాశాను. ఆ మడులు చూడటం మాత్రం ఇదే మొదటిసారి.