నేను చూసిన సీసాలు

ఫార్మసీలో పీహెచ్‌డీ చేసినవాడు తన చూపుకి తానే జడిసి, మూడు వారాలు గడ్డం గీసుకోవడానికి కూడా అద్దం వంక చూడలేదంటే ఎవరూ నమ్మరు. ఆ గడ్డం మేముండే విండ్సర్ ఊరి చలికోసమని అందరికీ చెప్పాను.

మా పని చిన్నది, నిజంగానే చిన్నది. నీళ్లలో కరగని మందుని కొవ్వులో కరిగించి, ఆ కొవ్వుని కంటికి ఆననంత చిన్న బొట్లుగా చిదిమి నీళ్లలో తేలించడం. అప్పుడే అది ఒంటికి పడుతుంది. సరిగ్గా కుదిరిన సీసా పలచటి పాలలా ఉండి, దీపానికెదురుగా పెడితే లోపల్నించి నీలంగా వెలుగుతుంది. ఆ నీలం నెల రోజులు నిలవాలి. నిలిస్తే ప్రాజెక్టు ఉంటుంది, ప్రాజెక్టుంటే నా ఉద్యోగం ఉంటుంది.

నిలవలేదు. పొద్దున్నే ఫ్రిజ్ తెరిస్తే ఏదో ఒక సీసాలో నీలం చచ్చిపోయి, అడుగున తెల్లటి సూదులు మొలిచి ఉండేవి. మందు కొవ్వుని వదిలేసి బయటికొచ్చి కూర్చునేది.

ల్యాబ్ చూసుకునే అక్కది కరీంనగర్. ఒకరోజు గొంతు తగ్గించి అంది:

“తమ్మీ, ఒకటి చెప్త, ఏమనుకోకు. నువ్వు చూసినయే పాడైతున్నయ్.”

“అందరం చూస్తాం కదక్కా.”

“నేను చూసినయి మంచిగనే ఉన్నయ్. రాసి పెట్టిన.”

పుస్తకం చూపించింది. నిన్న నేను చూసినవి నాలుగు, ఏడు, తొమ్మిది. ఇవాళ సూదులు మొలిచినవి నాలుగు, ఏడు, తొమ్మిది. నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ సాయంత్రం పన్నెండో సీసా ఒక్కటే చూసి ఇంటికెళ్లాను. తెల్లారేసరికి పన్నెండులో సూదులు. అటూ ఇటూ పదకొండూ పదమూడూ నీలంగా నన్నే చూస్తున్నాయి.

అక్క ఫ్రిజ్ తలుపుకి దిష్టిబొమ్మ స్టిక్కర్ అంటించింది. బాస్ అడిగితే హాలోవీన్‌ది అంది. నన్ను మాత్రం ఫ్రిజ్ దరిదాపులకి రానివ్వలేదు.

ఒక ఆదివారం ఇంట్లో పాలు తోడు పెట్టాను. ఈ చలికి గిన్నెని ఓవెన్‌లో పెట్టి లైటు వేసి ఉంచితే గానీ తోడుకోదు. పెరుగు కలిపిన చెంచానే టిష్యూతో తుడిచి, నా గ్లాసు పాలలో పంచదార కలుపుకున్నాను. ఇంతలో ఫోనొచ్చింది. గ్లాసు కూడా ఓవెన్‌లో పెట్టి మర్చిపోయాను. సోమవారం పొద్దున వంచితే గ్లాసులో పాలు కదల్లేదు.

నేనూ కదల్లేదు. ల్యాబ్‌లో నేను సీసాని ‘చూడటం’ అంటే మూత తీసి, గాజు పుల్ల ముంచి, బొట్టుని వెలుగులో చూడటం. తర్వాత పుల్లని టిష్యూతో తుడిచేసి ఇంకో సీసాలో ముంచడం. అక్క మూత తీయకుండానే చూసేది. మొదట పాడైన సీసాలోని సూది ముక్కని ఒక్కోదానికీ నా చేత్తో నేనే తోడు వేశాను. తోడు దొరికాక మందు మాత్రం కొవ్వులో ఒంటరిగా ఎందుకుంటుంది?

ఒక్కో సీసాకి ఒక్కో కొత్త పుల్ల వాడి మళ్లీ చేశాను. నీలం నెల రోజులూ నిలిచింది. ప్రాజెక్టు నిలిచింది, నేనూ నిలిచాను. ఒక్క సీసాలో మాత్రం మళ్లీ సూదులు. దాని సీలు ఎవరూ తీయలేదు. గాజు బయటినుంచి నేను చూశానంతే. అక్క ఆ స్టిక్కర్ పీకలేదు.

ఆ మధ్యాహ్నం అక్క నా ఎదురుగా కూర్చుని డబ్బా మూత తీసింది. పెరుగన్నం, పైన దానిమ్మ గింజలు. నేను చేతులు కట్టుకుని, రెప్ప వేయకుండా దానివంకే చూస్తూ కూర్చున్నాను.

“ఏంది తమ్మీ, గట్ల చూస్తున్నవ్?”

“ఏం లేదక్కా. చూస్తున్నానంతే.”

చెంచా మధ్యలో ఆగింది. అక్క డబ్బాకి మూత పెట్టేసి, దాన్ని అక్కడే వదిలి క్యాంటీన్ వైపు నడిచింది.