ఏడో పొర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లు తనిఖీ పని చేస్తే ఎవరికైనా అంతేలే అని సర్దిచెప్పుకునేవాణ్ని. కరీంనగర్ శివారులో కార్బన్ పలకలు తయారుచేసే మా ఫ్యాక్టరీలో "భూమన్న సారు వస్తుండు" అంటే చాలు, నవ్వుతున్నవాళ్లు కూడా నోరు మూసుకునేవాళ్లు. అదంతా మర్యాదే అనుకుని మురిసిపోయాను, ఏం చెప్పను!

ప్రిస్కిల్లా మా దగ్గరికి ప్రాజెక్ట్ ఇంజనీరుగా వచ్చి మూడేళ్లయింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. కాగజ్‌నగర్ పేపరు మిల్లులో పనిచేసిన ఎబినేజర్ కూతురు. మిల్లు మూతబడ్డ ఏడాది ఆమె ఇంటర్ చదువుతోంది. ఆ తర్వాత తండ్రి మంచిర్యాలలో వాచ్‌మన్ పని చేసి ఆమెను ఇంజనీరింగ్ చదివించాడు. ప్రాజెక్ట్ ఇంజనీరు అంటే, బొమ్మ గీసిన రోజు నుంచి సరుకు బండెక్కే రోజు దాకా ప్రతిదానికీ జవాబు చెప్పాల్సిన మనిషి. ఏ బట్ట ఫ్రీజర్‌లోంచి ఎప్పుడు తీశారో, ఎన్ని గంటలు బయట ఉందో అడిగితే కాగితం చూడకుండా చెప్పేది.

ఆ బట్ట సంగతి చెప్పాలి. జిగురు పట్టిన నల్లటి బట్ట, కాగితమంత పల్చన; జిగురు ముందే గట్టిపడకుండా ఫ్రీజర్‌లో ఉంచుతారు. అందులో పోగులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. అలాంటివి ఎనిమిది పొరలు, కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, చేత్తో ఒకదానిమీద ఒకటి పరుస్తారు. మనిషి లోపల నిలబడగలిగేంత పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదాంట్లో పెట్టి ఉడికిస్తారు. బయటికి వచ్చిన పలకను ఒంటి చేత్తో ఎత్తవచ్చు. నేను ఎక్కి తొక్కినా విరగదు. ఎన్ని వందలు చూశానో! అయినా ఆ తలుపు తెరిచిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ వారం, చిన్న విమానం తలుపుకు బిగించే కొత్త పలక మొదటిది వంగి వచ్చింది. రెండోదీ వంగింది. రెండింటినీ పరిచింది దేవవ్వే. పన్నెండేళ్లు బీడీలు చుట్టి మా దగ్గరికి వచ్చిన మనిషి; ఆమె వేళ్ల కింద గాలిబుడగ ఒక్కటి మిగలదు. అయినా నేను ఊరుకున్నానా? "చేతి లోపం" అని రిపోర్టు రాసి ప్రిస్కిల్లా బల్ల మీద పెట్టాను. ఆమె సంతకం పెడితే సాయంత్రానికి దేవవ్వ పని పోతుంది. ఆ ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తుందని నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఆ పొద్దు ఎబినేజర్ కంటి ఆస్పత్రి పని మీద కరీంనగర్ వచ్చి, బిడ్డను చూసిపోదామని మా గేటు దగ్గర ఆగాడు. నేనూ ప్రిస్కిల్లా అక్కడికి వెళ్లేసరికి, పనికిరావని గేటు పక్క గోడకు ఆనించిన ఆ రెండు పలకల్లో ఒకదాన్ని ఎత్తి, అంచు వెంబడి ఒంటికన్నుతో చూస్తున్నాడు.

"గదాన్ని ముట్టకు పెద్దమనిషీ!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడలేదు. "గివి ఎవలు జేసిండ్రు తమ్మీ?"

"ఎవలైతేంది? ఆమెకు గీ ఫ్యాక్టరీల ఇయ్యాల్నే ఆఖరు. చెయ్యి సక్కగ లేదు."

ఆయన రెండో పలకను తీసి మొదటిదాని మీద పెట్టాడు. గంటెలో గంటె కూర్చున్నట్టు కూర్చుంది. మధ్యలో సన్నటి వెలుగు కూడా కనబడలేదు.

"చెయ్యి తప్పయితే ఒక్కోటి ఒక్కో తీర్గ వంగాలె గద. గివి రెండు ఒక్కతీర్గ వంగినయ్," అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "పేపరు గూడ గిట్లనే బిడ్డా. పోగు అడ్డం పోయేకాడ నిలువు పోతె, అతికిచ్చినంక వంగుతది. యాడనో ఒక పొర దారి తప్పింది. చేసినోల్లను గాదు, చెప్పినోల్లను అడుగు."

వారెవ్వా! రెండు రోజులు కొలతలు తీసినవాణ్ని, రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడాలని నాకు తట్టనే లేదు.

ప్రిస్కిల్లా ముఖం తెల్లబోయింది. పరుగులాంటి నడకతో లోపలికి వెళ్లి, ఏ పొర ఎటు పరచాలో రాసిన కాగితం తీసింది. పై నాలుగు పొరలకు కింది నాలుగు అద్దంలో చూసినట్టు ఉండాలి. రెండోది అడ్డం కాబట్టి ఏడోదీ అడ్డం కావాలి. ఏడో వరుసలో "నిలువు" అని ఉంది. రాసింది ప్రిస్కిల్లా. అడుగున, సరిచూసినట్టు నా సంతకం.

"దిద్దెయ్ మేడం. మూడోది సక్కగ వస్తది, ఎవలకు తెల్వది," అన్నాను, సిగ్గు లేకుండా.

"మరి దేవవ్వ?" అంది.

నా రిపోర్టును రెండుగా చింపింది. కొత్త కాగితం మీద, తప్పు ఎవరిది అన్నచోట తన పేరు రాసుకుంది. సొంతంగా నడుపుతున్న మొదటి ప్రాజెక్టు, అది పోవచ్చని తెలుసు. ఇంత చిన్న పిల్లకు ఇంత గుండె ఎక్కడిదని అలాగే చూస్తూ ఉండిపోయాను. మూడో పలక వచ్చాక, దాన్ని రుజువుగా ఈ రిపోర్టుతో కలిపి మేనేజరుకు ఇస్తానంది.

రెండు రోజులకు మూడో పలక వచ్చింది. పరిచింది మళ్లీ దేవవ్వే. రాతి బల్ల మీద పెడితే నాలుగు మూలలూ అతుక్కుపోయాయి. కింద సన్నటి రేకు కూడా దూరలేదు. అందరి ముందు ప్రిస్కిల్లా, "తప్పు నాది దేవవ్వా, నిన్ను పరేషాన్ చేసినం," అంది.

"అయ్యో, గట్లనకు మేడం. నాకు అప్పుడే అనుమానమొచ్చింది. ఏడో పొర పరుస్తుంటె చెయ్యి ఒప్పుకోలే."

"మరి అడగకపోతివి?"

దేవవ్వ ఒక్కసారి నావైపు చూసి తల దించుకుంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ నేల చూపులు చూశారు.

ఆ రిపోర్టును నేనే అడిగి తీసుకున్నాను. ప్రిస్కిల్లా పేరు కింద నా పేరు రాశాను. కారణం అన్నచోట ఇలా రాశాను: "పనిచేసే మనిషికి తప్పు కనబడింది. అడగడానికి భయపడింది. భయపెట్టింది నేను."