కాలువ కట్టేసే ముందు

వేసవి మొదట్లో కాలువలో నీళ్ళు తగ్గి గట్టు వార బురద బయటపడుతుంది. ఆ పచ్చి వాసన తగిలిందంటే నాకు నరసమ్మ అత్తయ్యగారు గుర్తొస్తారు. ఇవాళ పొద్దున్న వాసనతోపాటు వీధిలో మైకు కూడా వినిపించింది. అనుభవమున్న ప్రెసిడెంటునే మళ్ళీ గెలిపించమని, అవతల నిలబడ్డ పిల్లకి ఏమీ తెలియదని ఆటోలోంచి ఒకటే ఊదరగొడుతున్నారు. ఆ అనుభవమున్న మనిషిని నేనే. నాకు సిగ్గేసింది.

మా ఊళ్ళో సర్పంచిని ప్రెసిడెంటనే అంటారు. అత్తయ్యగారు నాకు చుట్టమేమీ కాదు, పక్కింటావిడ. నేను కాపురానికొచ్చేసరికే రెండుసార్లు ప్రెసిడెంటుగా చేసి దిగిపోయారు. అయినా మా వీధంతా ఆవిడ మాట మీదే ఓటేసేది. మొదటిసారి నన్ను నిలబెట్టినప్పుడు నాకు పంచాయతీ ఆఫీసు గుమ్మం ఎటుందో తప్ప ఏమీ తెలియదు. నా మీద పోటీ చేసిన వీర్రాజుగారేమో పదేళ్ళు ఊరిని నడిపిన మనిషి. ఆవిడ కాదంటే నేను గెలవనని తెలిసి, బితుకుబితుకుమంటూ వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చీపురుకి కొబ్బరి ఈనెలు తీస్తున్నారు. నాకు అనుభవం లేదని నేనే చెప్పేశాను. ఆవిడ ధైర్యం చెప్పలేదు, తన సంగతి చెప్పారు.

మరమ్మతులకి కాలువ కట్టేశారంటే మళ్ళీ వదిలేదాకా ఊరు తాగేది చెరువులో నింపుకున్న నీళ్ళే. ప్రెసిడెంటైన మొదటి వేసవికి ఆవిడ భయంతో, ఎప్పుడు కట్టేస్తారని కనబడ్డవాళ్ళనల్లా అడిగి చెరువు నిండా పట్టించారట. రెండోసారి గెలిచాక ఆ భయం పోయింది.

"ఏటా చూస్తున్నదే కదాని ఎవర్నీ అడగలేదమ్మా. ఆ ఏడు ముందే కట్టేసేరు. చెరువు సగమే నిండింది. చంటిపిల్లల తల్లులు బిందెలెత్తుకుని పక్కూరెళ్ళేరు. నన్ను ఒక్క మాటనలేదు. అనుంటే బాగుండును."

వీర్రాజుగారు మంచివాడనీ, పని తెలిసినవాడనీ ఆవిడే అన్నారు. కాకపోతే ఈమధ్య ఆయన ఎవర్నీ ఏదీ అడగడం లేదట. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కనిపెట్టేశారు.

"మురిసిపోకు. తెలీకపోవడం గొప్పేం కాదు. తెలీదు గనక అడుగుతావని వేస్తున్నాను. అడగడం మానేసిన్నాడు నా ఓటు నీది కాదు."

గెలిచాను. ప్రతి వేసవికీ ప్రహరీ మీంచి తల పెట్టి "అడిగేవా?" అనేవారు. "ఆయ్, అడిగేనండీ" అనేదాన్ని. ఒక్కోసారి విసుగొచ్చేది. కిందటేడు ఆవిడ పోయారు. ఇప్పుడా విసుగు కోసం మొహం వాచిపోయాను.

మైకు వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ఈ ఏడు నేనింకా అడగలేదు. ఏటా చూస్తున్నదే కదా అనుకున్నాను కాబోలు. ప్రచారానికి వచ్చినవాళ్ళని అరుగు మీదే కూర్చోబెట్టి, కాలువకి నీళ్ళు వదిలే లాకుల దగ్గరికి పరుగెత్తాను. కాలువ ఎప్పుడు కట్టేస్తారని అడిగితే అక్కడి ఉద్యోగి నవ్వేశాడు.

"ఇన్నేళ్ళ ప్రెసిడెంటుగారు, మీకు తెలీందేవుందండీ?"

"తెలీదండీ," అన్నాను. "చెప్పండి."