కారులో మిగిలిపోయిన శుక్రవారాలు

పాత కారు కొనాలన్న పట్టుదల గురువారం పొద్దున్నే నన్ను సికింద్రాబాద్‌లో వరంగల్ రైలు ఎక్కించింది. కిటికీ పక్క సీటు దొరికింది, ఇడ్లీ మాత్రం చల్లారిపోయి దొరికింది. పది దాటాక దిగి ఆటోలో కాశిబుగ్గ చేరాను.

అమ్మేవారు చీరల వ్యాపారి సదానందం గారు. నడిపేది ఆయన భార్య విజయమ్మ గారు. మోకాలి నొప్పితో ఆవిడ క్లచ్ తొక్కలేకపోతున్నారు, అందుకే అమ్మకం. అప్పగించే ముందు డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి తీసి పూజగదిలో పెట్టారు, నిమ్మకాయ మిరపకాయల దండ విప్పారు, బొట్లు తుడిచారు. తమవన్నీ తీసేసుకున్నామనుకున్నారు. ఈ కాలపు కారు తాను తిరిగిన చోట్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది. అమ్మేశాక కూడా అదెక్కడుందో పాత యజమాని ఫోన్‌లోని ఆప్‌కు చెబుతూనే ఉంటుంది. కొనబోయేవాళ్లు ఇది మరవకండి.

ఆయన కాగితాల కోసం లోపలికి వెళ్లగానే విజయమ్మ గారు దగ్గరికి వచ్చారు.

"బిడ్డా, నేను పోయిన జాగలు అండ్ల ఉంటయట గదా. జర తుడిచెయ్యి. శుక్రవారం శుక్రవారం నర్సంపేటల మా తోడికోడలి ఇంటికి పోతుంటి. అన్నదమ్ములకు మాటల్లేవు. మా ఆయనకు తెల్వద్దు."

అక్కడికక్కడే తెర మీద అన్నీ తుడిచేశాను. ఆప్‌లోంచి కారును మాత్రం సదానందం గారే తీసేయాలి. అడిగితే "తీస్త తీస్త, నువ్వు ముందు తిను" అన్నారు. పచ్చిపులుసుతో కడుపు నిండా తిని బయలుదేరాను.

జనగామలో టీ కోసం ఆగి తెర మీద చూస్తే కారు ఇంకా ఆయన పేరే చూపిస్తోంది. ఫోన్ చేశాను.

"జనగామల ఆగినవ్ గదా, బిడ్డా?"

ఒళ్లు మండింది. "నేనెక్కడ ఆగితే మీకెందుకు అంకుల్? ముందు దాన్ని తీసేయండి."

ఆయన గొంతు తగ్గించారు.

"నీ మీద నిఘా కాదు బిడ్డా. మా ఆమె మా తమ్ముని ఇంటికి పోవుడు ఈ ఫోన్లనే చూస్తుంటి. ఆమెకు చెప్పలే. ఆ ఇల్లు నేనెన్నడు చూడలే. మ్యాపుల ఆ చుక్క ఆగిన కాడ్నే నాకు తమ్ముడున్నడు. ఇది తీసేస్తే అది గూడ పోతది."

నా కోపం దిగిపోయింది. బాధేసింది కూడా. "ఆ ఇంటి సంగతి ఇంట్లోనే అడగండి అంకుల్" అన్నాను.

ఫోన్ పెట్టేయడం మరిచినట్టున్నారు. గొంతు పెంచి పిలవడం వినిపించింది.

"విజయా! రేపు నర్సంపేట బస్సు ఎన్నింటికున్నది?"

ఆవిడ జవాబు నేను వినాల్సింది కాదు. ఫోన్ పెట్టేశాను.

భువనగిరి దాటేసరికి తెర మీద ఆయన పేరు పోయి, కారు నా పేరు అడిగింది.