ఉల్లిగడ్డ లేని ఉగ్గాని

మా నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఆయన నోరూ మా కుక్క నోరూ ఒకే ఎత్తులో ఉంటాయి. అనర్థమంతా అక్కడే మొదలైంది. పొద్దున బొరుగుల ఉగ్గాని చేస్తే చాలు, నేసే చీర మీద గుడ్డ కప్పి, గుంటలోంచి లేవకుండానే పళ్లెం అందుకుంటాడు. తనకో ముద్ద, కుక్కకో ముద్ద. కుక్క ముద్దలోకి ఉల్లిగడ్డ ముక్కలు ఏరి మరీ వేస్తాడు.

"ఉల్లి చేసిన మేలు తల్లి గూడ చెయ్యదు, తినురా," అని పైగా బుజ్జగింపు.

అమ్మకు శనివారం ఒక్కపొద్దు. ఆ ఒక్క రోజైనా ఇంట్లో ఉల్లిగడ్డ వద్దని మొత్తుకునేది. "ఉల్లిగడ్డ లేకుంట బుక్క దిగదే," అని నాన్న మూతి ముడిచేవాడు. తను ఉపవాసం ఉండి, కళ్లు తుడుచుకుంటూ ఆయన కోసం ఉల్లిగడ్డలు తరిగేది. చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

పోయిన చలికాలం, రంగు వేయించి తెచ్చిన ఎర్ర నూలు కట్టలు వాకిట్లో ఆరేశాం. వాటి కింద ఎర్రటి మరకలు కనబడ్డాయి. ఇంకెవరింట్లోనైనా అయితే గుండె గుభేలుమనేది. గద్వాల నేతగాళ్లం కదా, మాకు రంగు కారుతోందనే తోచింది. కుక్క తిండి మానేసి మూలకు పడి ఉంటే, "సలికి ముడుసుకున్నది," అనేసి నాన్న చెప్పులేసుకుని పోయి, నూలుకు రంగువేసే ఆయన్ని ఇంటికి లాక్కొచ్చాడు.

"ఏందన్నా గీ రంగు? చీర తడిస్తె కట్టుకున్నామె గూడ ఎర్రగైతది!"

ఆయన తక్కువ తిన్నాడా! "నా రంగు పోతదా? పోతె మీసం తీపిచ్చుకుంట!" అని తెల్ల బక్కెట్లో నీళ్లు పట్టించి, ఒక కట్ట ముంచి పిండాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. నాన్న గుడ్లప్పగించి చూస్తుండగా కుక్క తూలుతూ వచ్చి, నూలు కట్టలు వేలాడే గుంజకే కాలెత్తింది.

ఎర్రగా పోసింది.

రంగాయన బక్కెట్లోకి ఒకసారి, గుంజ వైపు ఒకసారి చూశాడు. "అన్నా, గిదైతె నా రంగు కాదు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపు తన్నుకొచ్చింది.

పశువుల దవాఖానలో బర్రెల మధ్య నాన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ పాలిపోయిన చిగుళ్లు చూసి, ఏం పెడుతున్నారని అడిగింది.

"మాకన్న మంచిగనే పెడ్తున్నమమ్మా. ఉల్లిగడ్డలైతె ఏరి ఏరి పెడ్త."

ఆమె నుదురు కొట్టుకుంది. "ఉల్లిగడ్డ కుక్క రక్తాన్ని పాడు చేస్తుంది పెద్దాయనా. ఎల్లిపాయ కూడా అంతే. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఇవేవీ పెట్టొద్దు."

"వేంచిన ఉల్లిగడ్డ గూడనా?"

"వేయించినా ఉడికించినా అంతే!"

"బత్కుతదా అమ్మా?" నాన్న దాని చెవులు నిమురుతూ అడిగాడు. చూడాలి అంది ఆమె.

సెలైన్లు, సూదులు అయ్యాయి. నాన్న మగ్గం ముట్టలేదు. కుక్క కాలెత్తినప్పుడల్లా వెనకాల వంగి చూసేవాడు. వీధిలో వాళ్లు నవ్వినా పట్టించుకోలేదు. ఒక పొద్దున, "తెల్లగ పోసిందే!" అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా అంత సంబరం చూడలేదు.

తర్వాత ఉగ్గాని చేసిన రోజున నాన్న వంటింట్లోకి కేకేశాడు. "ఉల్లిగడ్డ వెయ్యకు. ఇది నోటి దిక్కే చూస్తది, పెట్టకుంట నేను తినలేను."

అమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది. "ఒక్కపొద్దు నాడు వద్దయ్యా అని ఇన్నేండ్లు బతిమాలిన. ఇన్నవా? గీ కుక్క అడగకుంటనే ఆపినవు. వచ్చే జన్మల నీ ఇంట్ల కుక్కనై పుడ్త!"

మంచి పని అయిందని నేను లోపల్లోపల సంబరపడ్డాను. నాన్న నేసే చీర మీద గుడ్డ కప్పాడు.

"పుట్టు," అన్నాడు మెల్లగా. "గప్పుడైన నా పక్కన కూసొని తింటవు."

అమ్మ ఎప్పుడూ అందరూ తిన్నాక, పొయ్యి దగ్గరే తినేది. ఆ పూట మాత్రం లోపలికి వెళ్లి, ఆయనకో పళ్లెం, తనకో పళ్లెం తెచ్చి మగ్గం గుంట అంచున కూర్చుంది. కుక్క ఒకసారి ఇద్దరి వైపూ చూసి, నాన్నను వదిలేసి అమ్మ పళ్లెం దగ్గరికి జరిగింది.